పొగను పనికి పెట్టిన శాన్‌ఫర్డ్ మాస్

వరంగల్లు నుండి ఖమ్మం పోయే రాజమార్గం మీద వర్ధన్నపేట ఒక మజిలీ. మాఘమాసం మొదలు వైశాఖం దాకా తొర్రూరు దిక్కు నుండి మిరప బస్తాలు నింపుకొన్న లారీలు ఈ ఊరు దాటి ఏనుమాముల మార్కెట్టుకు పోతుంటాయి. ఆ బండ్లు తోలేవారికి చిరపరిచితమైన విషయం ఒకటి ఉన్నది. తెల్లవారుజామున సునాయాసంగా ఎక్కిన మిట్టను, అదే బండి అదే బరువుతో, ఎండ మండిపోయే మధ్యాహ్నం ఎక్కవలసి వచ్చినప్పుడు ఒక్కొక్కసారి గేరు దించక తప్పదు. ఇంజను మారలేదు, డీజిలు మారలేదు, తోలేవాడూ మారలేదు. మారినది గాలి ఒక్కటే.

ఇంజను చమురు తాగి బ్రతుకుతుందని లోకంలో అనుకుంటారు. నిజానికి అది చమురు కంటె ఎన్నో రెట్లు గాలిని తింటుంది. ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి 14 కిలోలకు పైగా గాలి కావలె. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది గాని దానికోసం సిలిండరు పెద్దది కాదు. అందుచేత పుష్యమాసపు ప్రొద్దున, 15 డిగ్రీల చలిలో, ఒక్కొక్క పీల్పుకు లోపలికి పోయిన గాలి బరువు ఎంతో, వేసవి మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో అందులో నూటికి 9 వంతులు తగ్గిపోతుంది. గాలి తగ్గిన మేరకు చమురు తగ్గించవలె. తగ్గించకపోతే మండని చమురు నల్లని పొగగా బయటికి పోతుంది.

ఈ కొరతను పూడ్చడానికే నేటి లారీలలోను కార్లలోను ఇంజను ప్రక్కన నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న యంత్రాన్ని అమరుస్తున్నారు. ఇంజను వదలిన పొగ దానిలో ఒక చక్రాన్ని త్రిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని అదిమి సిలిండరులోకి త్రోస్తుంది. టర్బో అని పల్లెటూరి మెకానిక్కులు కూడా నేడు పిలిచే యంత్రం ఇదే. దానిని భూమి మీదికి తెచ్చినవారు వేరు, ఆకాశానికి ఎక్కించినవాడు వేరు. ఆకాశానికి ఎక్కించిన అమెరికా ఇంజనీరు శాన్‌ఫర్డ్ అలెగ్జాండర్ మాస్. గాలిని అదిమితే పుట్టే బలంతోను, దానితోపాటే పుట్టే వేడితోను ఆయన యాభై సంవత్సరాలకు పైగా పెనుగులాడినాడు.

మాస్ 1872 ఆగస్టు 23వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించినాడు. పదహారవ ఏట, అదిమిన గాలితో నడిచే యంత్రాలు చేసే ఒక కర్మాగారంలో పని నేర్చుకొనడానికి చేరి, నాలుగేండ్లు అక్కడ మెకానిక్కుగా పని చేసినాడు. కాలిఫోర్నియాలో ఆనాడు గనుల పని ముమ్మరం. గనులలో రాతిని తొలిచే బరమాలకు అదిమిన గాలియే ఆధారం. పుస్తకం ముట్టకముందే చేతులతో గాలి స్వభావాన్ని తెలుసుకొనడం అతని అదృష్టమనవలె. తరువాతి కాలంలో పెద్ద డిగ్రీలు సంపాదించిన ఇంజనీర్లలో ఈ రకం తక్కువ.

ఆ వృత్తిలో ఉన్నవారికి మొదటి పాఠం వేడి. సైకిలు చక్రానికి గాలి కొట్టిన ప్రతి పిల్లవానికీ పంపు అడుగుభాగం కాలుతుందని తెలుసును. గాలిని అదమడానికి పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు, వేడిగా మారి గాలిలోనే నిలుస్తుంది. వేడెక్కిన గాలి మళ్లీ ఉబ్బ చూస్తుంది, దానిని ఇంకా అదమడానికి ఇంకా ఎక్కువ శక్తి కావలె. అందుచేత పెద్ద కంప్రెసర్లలో గాలిని ఒక్కసారిగా అదమరు. మొదట కొంత అదిమి, నీటి గొట్టాల నడుమ పోనిచ్చి చల్లార్చి, మళ్లీ అదుముతారు. రెండు మెట్ల నడుమ ఉండి చల్లార్చేది గనుకనే దానికి ఇంటర్‌కూలరు అని పేరు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దంలోనే కర్మాగారాలలో వాడుకలోకి వచ్చిన ఈ ఉపాయం తరువాత విమానాలకు, ఆ పిమ్మట లారీలకు, కార్లకు చేరినది. దీనిని మాస్ కనిపెట్టినాడని చెప్పడం పొరపాటు అవుతుంది. అయితే దాని అవసరాన్ని ఆకాశంలో అందరికంటె ముందుగా ఎదుర్కొన్నవారిలో ఆయన ఒకడు.

కర్మాగారంలో ఉండగానే యువకుడైన మాస్ మనస్సులో ఒక ఆలోచన నాటుకొన్నది. గాలిని అదిమి, అందులో చమురు మండించి, ఆ మంటతో నేరుగా ఒక చక్రాన్ని త్రిప్పగలిగితే, పిస్టన్లూ కవాటాలూ లేని ఇంజను సిద్ధిస్తుంది గదా అని. అదే గ్యాస్ టర్బైను. ఈ ఊహను వెంటబెట్టుకొని అతడు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1896లో పట్టభద్రుడైనాడు. 1900లో అక్కడే పై పట్టం పొందినాడు. అక్కడి నుండి దేశానికి ఆ చివరనున్న న్యూయార్కు రాష్ట్రానికి పోయి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు పూనుకొన్నాడు.

1902లో కార్నెల్ ప్రయోగశాలలో మాస్ తన ఊహకు రూపం ఇచ్చినాడు. ఒక మంట గదిని తయారుచేసి, అందులోని వేడి వాయువులను ఆవిరితో నడవవలసిన ఒక డి లావల్ టర్బైను చక్రం మీదికి విడిచినాడు. చక్రం తిరిగినది. కాని లెక్క కట్టి చూస్తే, గాలిని అదమడానికి ఖర్చైన శక్తి చక్రం ఇచ్చిన శక్తి కంటె ఎక్కువ! పది రూపాయలు పెట్టుబడి పెట్టి ఏడు రూపాయలు రాబట్టిన వర్తకుని వంటి స్థితి అది. ఆ పరిశోధన మీదనే 1903లో ఆయనకు డాక్టరేటు వచ్చినది. పట్టం వచ్చినదిగాని ఇంజను రాలేదు.

అదే సంవత్సరం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు ఆయనను మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణపు కర్మాగారానికి పిలిపించుకొన్నారు. నాలుగేండ్ల పాటు అక్కడ గ్యాస్ టర్బైను మీద ప్రయోగాలు జరిగినవి. ఫలితం నిరాశాకరం. మండించిన చమురులోని శక్తిలో నూటికి 3 వంతుల మాత్రమే పనిగా మారినది. కంప్రెసర్లు నాసిరకం, చక్రపు రేకులు వేడికి ఓర్వవు. 1907లో కంపెనీ ఆ ప్రయత్నాన్ని విరమించినది. వ్యాపారస్థులను ఇందుకు నిందించ పనిలేదు. ఆ లోహాలతో, ఆ కంప్రెసర్లతో ఎవరు చేసినా అంతకంటె మెరుగు సాధ్యమయ్యేది కాదు. కాని అయిదేండ్లు పగలూ రాత్రీ పెంచిన ఊహను ముప్పై అయిదవ ఏట మూలపెట్టవలసి వచ్చిన మనిషికి అది ఎంత కష్టమో ఊహించవచ్చును.

మాస్ ఉద్యోగం విడువలేదు. టర్బైను పోయినా దాని సగభాగమైన కంప్రెసరు మిగిలినది. రేకుల చక్రం గిరగిర తిరుగుతూ గాలిని అంచులకు విసరి అదిమే కంప్రెసర్లను కొలుములకు, పోత పని కర్మాగారాలకు ఆయన తయారుచేయసాగినాడు. అవి చక్కగా అమ్ముడుపోయినవి. పది సంవత్సరాలు ఈ విధంగా గడచినవి.

ఈలోగా ఐరోపాలో ఇదే దారిలో మరి ఇద్దరు నడుస్తున్నారు. స్విట్జర్లండు దేశపు వింటర్‌థూర్‌వాడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే, ఇంజను పొగతో టర్బైనును త్రిప్పి దానితో గాలిని అదిమే పద్ధతికి పేటెంటు పొందినాడు. ఓడలకు, పెద్ద డీజిలు ఇంజన్లకు ఈ పద్ధతిని పట్టించిన కీర్తి బ్యూకీదే. ఫ్రాన్సులో ఆగ్యూస్త్ రాతో అనే ఇంజనీరు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇటువంటి యంత్రాన్ని విమానపు ఇంజనుకు తగిలించినాడు. అమెరికన్ రచయితలు కొందరు ఈ ఇద్దరినీ మరచి సమస్తమూ మాస్‌కే అంటగట్టుతారు. అది న్యాయం కాదు, ఆయన గొప్పతనానికి అవసరమూ కాదు.

యుద్ధ విమానాలకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఎత్తుకు పోయిన కొద్దీ గాలి పలుచనవుతుంది. పీల్చడానికి గాలి లేని ఇంజను నీరసిస్తుంది. సరిగా శత్రువు కంటె పైన ఉండవలసిన చోటనే విమానానికి బలం చాలదు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు, విమానయాన సలహా సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న విలియం డురాండ్‌కు రాతో చేసిన పని తెలిసినది. డురాండ్ పూర్వం కార్నెల్‌లో ఆచార్యుడు, మాస్ పరిశోధనను ఎరిగినవాడు. ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి కబురు చేసినాడు. పది సంవత్సరాలుగా మూలపడిన పనికి ఈ విధంగా మళ్లీ పిలుపు వచ్చినది. ఈసారి టర్బైను తన కాళ్ల మీద తాను నిలబడనక్కరలేదు. చమురు మండించే భారం పిస్టను ఇంజనుది, అది వృథాగా పారవేసే పొగను పట్టి గాలిని అదిమితే చాలు. 1902లో నష్టం తెచ్చిన వర్తకానికి ఇప్పుడు పెట్టుబడి ఉచితంగా దొరికినట్లయినది.

సైన్యం ఈ పనిని మాస్ ఒక్కనికే అప్పగించలేదు. షెర్బాండీ అనే మరొక ఇంజనీరు యంత్రంతో దీనికి పోటీ ఏర్పడినది. గెలుపు ఓటములు తేల్చవలసినది కొలత ఒక్కటే. కాని ఆకాశంలో ఎగిరే విమానంలో ఇంజను శక్తిని ఆ రోజులలో సరిగా కొలవడం ఎట్లా? మాస్ ఇంజనునే ఆకాశానికి మోసుకొని పోదామని నిశ్చయించినాడు. కొలరాడో రాష్ట్రంలో 14 వేల అడుగులకు పైబడిన పైక్స్ పీక్ అనే శిఖరం ఉన్నది, దాని మీదికి మోటారు బాట ఉన్నది. 1918 సెప్టెంబరులో 12 సిలిండర్ల లిబర్టీ విమానపు ఇంజనును, కొలత పరికరాలను ఒక లారీ మీదికి ఎక్కించి, కొండ కొనకు చేర్చినారు. పలుచని గాలిలో మనుష్యులకే ఊపిరి ఆడని చోటు అది.

దిగువన డేటన్ పట్టణంలో ఆ ఇంజను 350 అశ్వశక్తి ఇచ్చినది. కొండ కొనన టర్బో లేకుండా నడిపితే 230కి పడిపోయినది. మాస్ యంత్రాన్ని తగిలించిన తరువాత 356 ఇచ్చినది. నేల మీద కంటె ఆరు ఎక్కువ! ఈ మూడు అంకెలు మాస్ జీవితాన్ని మార్చివేసినవి.

ఆ అంకెలలో శ్రద్ధగా చూడదగినది మరొకటి ఉన్నది. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి 60 వంతులకు పడిపోతుంది. ఇంజను శక్తి మాత్రం దిగువ కొలతకు 66 వంతుల వరకు నిలిచినది. ఒత్తిడి తగ్గించినదానిలో కొంత చలి తిరిగి ఇచ్చినదన్నమాట. శిఖరం మీది గాలి పలుచనిదే, కాని చల్లనిది. చల్లదనానికి ఇంజను దగ్గర ఎంత విలువ ఉన్నదో కొండ మీద కనిపించిన లెక్క ఇది.

యుద్ధం 1918 నవంబరులో ముగిసినది. మాస్ యంత్రం రణరంగం చూడలేదు. డేటన్‌లోని మెక్‌కుక్ ఫీల్డు విమానాశ్రయంలో దానిని ఒక లెపేర్ విమానానికి అమర్చి ఎత్తులకు పోయే ప్రయోగాలు సాగించినారు. 1920 ఫిబ్రవరి 27న మేజరు రుడాల్ఫ్ ష్రోడర్ 33,113 అడుగుల ఎత్తుకు ఎక్కినాడు. అక్కడ సున్నాకు 50 డిగ్రీల దిగువ చలి. ప్రాణవాయువు అందడం ఆగిపోయినది. కళ్లద్దాలు పైకెత్తగానే కళ్లలోని తడి గడ్డకట్టినది. స్పృహ తప్పి కొన్ని మైళ్లు క్రిందికి పడిపోయి, నేల సమీపించేసరికి తెలివి తెచ్చుకొని, దాదాపు గ్రుడ్డివానివలె విమానాన్ని దించి బ్రతికినాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో జాన్ మెక్రెడీ 34,508 అడుగులకు పోయినాడు. పత్రికలు ఈ వైమానికులను సహజంగానే ఆకాశానికెత్తినవి. ఆ ఎత్తులో వారి ఇంజను చల్లారిపోకుండా నిలబెట్టిన లిన్ పట్టణపు ఇంజనీరు పేరు ఎవరికీ అంతగా పట్టలేదు.

ఆ తరువాతి పదిహేను సంవత్సరాలు మాస్ జీవితంలో మందకొడి కాలం. శాంతి రోజులలో సైన్యానికి డబ్బు లేదు. పొగ వేడికి టర్బైను రేకులు ఎర్రగా కాలి పగిలిపోయేవి. నిమిషానికి 20 వేల చుట్లు తిరిగే చక్రంలో ఒక రేకు ఊడితే అది తుపాకి గుండే. చక్రాన్ని విమానపు చట్రానికి వెలుపల, వీచే గాలికి ఎదురుగా ఉంచితే కొంత చల్లబడుతుందని మాస్ గ్రహించినాడు. తగిన మిశ్రలోహాలు దొరికేవరకు వేచి ఉండవలసి వచ్చినది.

పొగ వైపు వేడి ఇట్లుండగా, గాలి వైపు వేడి మరొకటి. ముప్పై వేల అడుగుల ఎత్తున గాలి సున్నాకు 44 డిగ్రీల దిగువన ఉంటుంది. అంత చలిగాలికి ఇంకా చల్లార్పు ఎందుకని ఎవరైనా అడుగుతారు. కాని ఆ గాలిని సముద్రమట్టపు ఒత్తిడికి తేవడానికి మూడు రెట్లకు పైగా అదమవలె. అదిమితే వేడెక్కుతుంది గదా. ఆ కాలపు కంప్రెసరు లోటుపాట్లు కూడా కలుపుకొంటే, మంచుకంటె చల్లనైన ఆ గాలి మరిగే నీటి వేడికి చేరుకొంటుంది! ఒత్తిడి వచ్చినది, బరువు మాత్రం రావలసినంత రాలేదు. పైగా పెట్రోలు ఇంజనులో అంత వేడిగాలి చేరితే, నిప్పురవ్వ కోసం వేచియుండక మిశ్రమం తనంతట తానే ప్రేలి పిస్టన్లను బ్రద్దలు చేస్తుంది. మెకానిక్కులు నాకింగు అనేది దీనినే. కనుక టర్బోకు, ఇంజనుకు నడుమ ఒక ఇంటర్‌కూలరు పెట్టవలసి వచ్చినది. బయటి చలిగాలి దాని రేకుల మీదుగా వీచి, లోపలి వేడిగాలిని చల్లార్చుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పదహారేండ్ల కుర్రవాడు ప్రవేశించిన వృత్తిలోని పాత ఉపాయం ఇట్లా ఆకాశంలో తిరిగి ఎదురైనది.

ఇదే లెక్కను వర్ధన్నపేట రోడ్డు మీద వేసి చూడవచ్చును. వైశాఖపు మధ్యాహ్నం 43 డిగ్రీల గాలిని లారీ టర్బో రెండింతల ఒత్తిడికి అదిమినదనుకొందాము. కంప్రెసరు సామర్థ్యం నూటికి 70 అనుకొంటే, గాలి సుమారు 140 డిగ్రీలకు చేరుతుంది. ఒత్తిడి రెండింతలైనా గాలి బరువు ఒకటిన్నర రెట్లు మాత్రమే అవుతుంది. రేడియేటరు ముందు జల్లెడవలె కనిపించే అల్యూమినియం ఇంటర్‌కూలరు ఆ గాలిని 60 డిగ్రీలకు దించితే, అదే ఒత్తిడి వద్ద దాని బరువు దాదాపు నాలుగవ వంతు పెరుగుతుంది. సన్నని గొట్టాలలో దూరినందుకు కొంత ఒత్తిడి నష్టమవుతుంది గాని, లాభం ముందు ఆ నష్టం స్వల్పం. డీజిలు ఇంజనుకు నాకింగు భయం లేదు. అయినా గాలి చల్లబడితే పొగ వేడి తగ్గి కవాటాలు, పిస్టన్లు, టర్బో చక్రం ఎక్కువ కాలం మన్నుతాయి.

అయితే ఎంత మంచి ఇంటర్‌కూలరైనా బయటి గాలికంటె చల్లగా లోపలి గాలిని చేయలేదు. టర్బో పలుచని గాలి లోటును పూడ్చగలదు గాని ఎండను పూర్తిగా పూడ్చలేదు. మధ్యాహ్నపు మిట్ట మీద గేరు దించవలసి రావడానికి కారణం అది. బండి నిలిచిపోయి ఎదురుగాలి లేనప్పుడు ఇంటర్‌కూలరు తానే వేడెక్కి కూర్చుంటుంది. వరికోతల కాలంలో గడ్డి నుసి, పత్తి కాలంలో దూది పింజలు దాని రేకుల సందుల్లో ఇరుక్కొన్నా అంతే. రబ్బరు గొట్టానికి సన్నని చీలిక వస్తే ఈలవంటి శబ్దం, నల్లపొగ, లాగని బండి కనిపిస్తాయి. ఇంజను విప్పి వందలకు వందలు ఖర్చు పెట్టిన తరువాత, లోపం గొట్టంలో ఉన్నదని తెలిసిన యజమానులు లేకపోలేదు.

వరంగల్లుకు ఆనుకొని ఉన్న కాజీపేట డీజిలు షెడ్డులో దశాబ్దాల పాటు సంరక్షణ పొందిన రైలింజన్లలో ఇదే సూత్రం పెద్ద ఎత్తున పని చేసినది. 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 రకం ఇంజను 16 సిలిండర్లతో 2,600 అశ్వశక్తి ఇచ్చేది. దానికి టర్బో, దాని వెనుక నీటితో గాలిని చల్లార్చే కూలరు ఉండేవి. సిలిండర్ల సంఖ్య పెంచకుండానే, మెరుగైన టర్బోను, పెద్ద కూలరును పెట్టి తరువాత అదే ఇంజనును 3,100 అశ్వశక్తికి తెచ్చినారు.

మాస్ 1938లో అరవై అయిదేండ్లు నిండి ఉద్యోగ విరమణ చేసినాడు. ఆయన యంత్రం అప్పటికి ఒక ప్రయోగ వస్తువుగానే మిగిలి ఉన్నది. సరిగా ఆ సమయంలోనే తగిన లోహాలు చేతికి వచ్చినవి, ఐరోపాలో యుద్ధ మేఘాలు క్రమ్మినవి. బోయింగు వారి నాలుగింజన్ల బాంబరు విమానం బి-17 మీద టర్బోను పరీక్షించగా అది మునుపెన్నడూ లేని ఎత్తులకు ఎక్కినది. కంపెనీవారు మాస్‌ను సలహాదారుగా వెనుకకు పిలిచినారు. 1940 సంవత్సరానికి అమెరికా విమానయానంలో అత్యున్నతమైన కొలియర్ బహుమానం ఆయనకు, సైనిక విమానదళానికి కలిపి లభించినది. పైక్స్ పీక్ ఎక్కిన 22 సంవత్సరాలకు వచ్చిన గుర్తింపు!

యుద్ధంలో బి-17, బి-24, బి-29 బాంబర్లు, పి-47, పి-38 యుద్ధవిమానాలు మాస్ టర్బోలతోనే ఎగిరినవి. వీటిలో పి-38 కథ చెప్పుకోదగినది. లాక్‌హీడ్ ఇంజనీర్లు అందులో వేరుగా ఇంటర్‌కూలరు పెట్టక, వేడిగాలిని రెక్కల ముందంచు లోపలి నుండి పోనిచ్చినారు. రెక్కకు తగిలే గాలియే దానిని చల్లార్చుతుందని వారి యోచన. చూడడానికి ఎంతో తెలివైన ఏర్పాటు, బరువు లేదు, గాలికి అడ్డు లేదు. ఇంజను చిన్నదిగా ఉన్నంతవరకు అది పని చేసినది. కాని 1,425 అశ్వశక్తి ఇవ్వగల ఇంజనును పెట్టినప్పుడు ఆ రెక్క అంత గాలిని చల్లార్చలేకపోయినది. పాతిక వేల అడుగుల ఎత్తున ఇంజనును 1,240కి మించి వాడరాదని నియమం పెట్టవలసి వచ్చినది. చేతిలో ఉన్న 185 అశ్వశక్తిని, ప్రాణం మీదికి వచ్చిన వేళ, వైమానికుడు వాడుకోలేడు. పైగా రెక్కకు గుండు తగిలితే అదిమిన గాలి అంతా కారిపోయేది. తరువాతి జె రకంలో ఇంజను గడ్డం క్రింద ప్రత్యేకంగా ఇంటర్‌కూలరును అమర్చిన తరువాతనే పూర్తి శక్తి చేతికి వచ్చినది. ఖాళీ అయిన రెక్క అంచులలో ఒక్కొక్కదానిలో 55 గాలన్ల పెట్రోలు పట్టే తొట్టి పెట్టుకొన్నారు.

అయినా కథ అక్కడ తీరలేదు. ఐరోపా శీతకాలంలో, చాలా ఎత్తున నెమ్మదిగా పోయేటప్పుడు, కొత్త కూలరు గాలిని అవసరానికి మించి చల్లార్చిందనే ఫిర్యాదులు వచ్చినవి. మరీ చల్లని గాలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చల్లదనం మంచిదే అయినా దానికీ ఒక హద్దు ఉన్నదని మెకానిక్కులు అక్కడ తెలుసుకొన్నారు.

ఈ విమానాలలో కొన్ని భారతదేశం చేరినవి. బి-24 లిబరేటర్లను యుద్ధానంతరం వెళ్లిపోతూ కాన్పూరులో పనికిరాకుండా పాడుచేసి వదలిపెట్టినారు. బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంవారు ఆ తుక్కు నుండి సుమారు 40 విమానాలను బాగుచేసి ఎగిరించినారు. 1948 నుండి 1968 దాకా అవి భారత వైమానిక దళంలో పని చేసినవి. ఒక్కొక్క ఇంజను అడుగున మాస్ చక్రం ఒకటి.

లిన్ పట్టణంలో ముసలి మాస్‌కు మరొక ముచ్చట మిగిలి ఉన్నది. 1941లో ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజనుతో విమానం ఎగిరినది. గాలిని అదిమి, అందులో చమురు మండించి, ఆ మంటతో చక్రం త్రిప్పే యంత్రమే అది. 1902లో కార్నెల్‌లో నష్టపు లెక్క తేలిన ఊహ ఇంగ్లండులో నిజమైనది. ఆ ఇంజనును అమెరికాలో తయారుచేయడానికి సైన్యాధికారులు ఏ కర్మాగారాన్ని ఎంచుకోవలెనా అని విచారించి, మండే పొగలో తిరిగే చక్రాలతో ఇరవై ఏండ్లకు పైగా అనుభవం ఉన్నది గనుక లిన్ కర్మాగారాన్నే ఎంచుకొన్నారు. 1942 ఏప్రిల్‌లో ఇంజను తిరిగినది, అక్టోబరులో కాలిఫోర్నియా ఎడారిలో దానితో విమానం ఎగిరినది. దానిని నిర్మించినవారు మాస్ తరువాతి తరం ఇంజనీర్లు. 1907లో ఏ ఆవరణలో గ్యాస్ టర్బైను పని మూతపడినదో, ఆ ఆవరణలోనే అది తిరుగుతుండగా డెబ్బై ఏండ్ల మాస్ ఇంకా ఆ పట్టణంలోనే ఉన్నాడు.

1946 నవంబరు 10వ తేదీన లిన్‌లోనే ఆయన కన్ను మూసినాడు. ఆనాటికి పిస్టను ఇంజన్ల బాంబర్లు పాతబడుతున్నవి, జెట్లు వస్తున్నవి. టర్బో, ఇంటర్‌కూలరు రెండూ విమానాలను విడిచి, లారీల కోసం, రైళ్ల కోసం నేల మీదికి దిగే దారిలో ఉన్నవి.